పరిశోధన డబ్బు ఎవరికివ్వాలో తేల్చే గదిలో ఒక పేషెంటు

పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు మీద పనిచేసే సైంటిస్టుల్లో ఎవరి ప్రాజెక్టుకి డబ్బివ్వాలి, ఎవరిది వెనక్కి పంపాలి అని తేల్చే కమిటీల్లో ఆ జబ్బున్న మనుషులు కూడా కూర్చుంటారని ఇక్కడ ఇంగ్లండులోనే చాలామందికి తెలియదు. కొన్నేళ్ళుగా నేను ఆ పని చేస్తున్నాను. జీతం లేదు, రైలు ఛార్జీలు ఇస్తారు. ఏ సంస్థ తరఫున అన్నది చెప్పను. గోప్యత కాగితం మీద సంతకం పెట్టాను కాబట్టి, నా చేతికొచ్చిన దరఖాస్తుల వివరాలు కూడా ఎవరివో పోల్చుకోవడానికి వీల్లేకుండా కాస్త మార్చి రాస్తున్నాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పుట్టింది తెనాలిలో. లండన్ పక్కన స్లౌలో కాపురం. ఒక కౌన్సిల్ ఆఫీసులో అకౌంట్స్ చూసి రిటైరయ్యాను. జబ్బు బయటపడటానికి చాలా ముందే పోపులో ఇంగువ వాసన తెలియడం మానేసింది. తరవాత, నడిచేటప్పుడు నా కుడిచెయ్యి ఊగట్లేదని మా అమ్మాయి కనిపెట్టింది. అక్కణ్ణుంచి న్యూరాలజిస్టు దాకా నడిచిన కథ ఈ జబ్బున్న వాళ్ళందరిదీ ఒకటే, దాన్ని వదిలేద్దాం.

ఈ డబ్బుల వ్యవహారంలోకి నన్ను లాగింది మా తెలుగు సంఘం ఉగాది సంబరాలు. పులిహోర, గారెలు అమ్మి, వచ్చింది పార్కిన్సన్స్ పరిశోధనకి పంపుదామని నలుగురం అనుకున్నాం. ఇక్కడ పన్ను కట్టేవాళ్ళు విరాళం ఇస్తూ గిఫ్ట్ ఎయిడ్ అనే చిన్న ఫారం నింపితే, ప్రతి పౌండుకీ ప్రభుత్వం ఇంకో పాతిక పెన్సులు కలుపుతుంది. ఫారం లేకపోతే ఆ పాతికా రాదు. అందుకని గారెల పళ్ళెం పక్కనే ఫారాలు పెట్టుకుని కూర్చున్నాను. రాయడం మటుకు మా అమ్మాయి పనే. నా చేతిరాత అప్పటికే చీమల బారు అయిపోయింది. ఈ జబ్బులో పేరులో మొదటి అక్షరం మామూలుగానే పడుతుంది, ఇంటిపేరు దగ్గరికి వచ్చేసరికి భూతద్దం కావాలి.

కొడుకు దగ్గరికి వచ్చిన గుంటూరు మాస్టారు ఒకాయన, ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి, పది పౌండ్ల నోటు పెడుతూ అడిగారు: "అమ్మా, ఆ డాక్టరు పార్కిన్సన్ దీని గురించి రాసింది 1817లో. రెండొందల ఏళ్ళు దాటినా నయం చేసే మందు లేదంటే, ఇన్నేళ్ళుగా పోస్తున్న డబ్బంతా ఎటు పోతున్నట్టు?" వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంకొకళ్ళ ఖర్చుల్ని నిలదీసినదాన్ని, నేను వసూలు చేస్తున్న డబ్బు గురించి అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ మధ్యనే ఒక పత్రికలో 'గ్రాంటు దరఖాస్తులు చదివి అభిప్రాయం చెప్పే పేషెంట్లు కావాలి' అన్న ప్రకటన చూసి పక్కన పెట్టాను. ఇంటికెళ్ళి దాన్ని వెతికి, ఫారం నింపాను.

శిక్షణ అని ఒక సాయంత్రం ఆన్‌లైన్లో కూర్చోబెట్టారు. సైన్సు సరిగ్గా ఉందా లేదా అన్నది మేం చెప్పక్కర్లేదు, దానికి వేరే దేశాల నిపుణులు రాసి పంపుతారు. మేం చూడాల్సింది మూడు. ఈ ప్రశ్నకి జవాబు దొరికితే జబ్బున్న మనిషికి ఒరిగేదేమిటి? ఇందులో పాల్గొనే పేషెంట్లని ఏం చేయమంటున్నారు? అడిగిన డబ్బు సబబుగా ఉందా? మూడోది చూడగానే ప్రాణం లేచొచ్చింది.

మొదటి విడత ఫైళ్ళు తెరవగానే నేను సూటిగా బడ్జెట్ పేజీకి వెళ్ళాను. పరిశోధన ఖర్చంటే ఖరీదైన యంత్రాలు, రసాయనాలు అనుకుంటాం. కాదు, నేను చూసిన వాటిలో సింహభాగం జీతాలే. పీహెచ్‌డీ అయిన ఒక కుర్రాడు, ఒక ల్యాబ్ టెక్నీషియను, క్లినికల్ ట్రయల్ అయితే ఒక రిసెర్చ్ నర్సు. గారెలు అమ్మిన డబ్బుతో మేం కొంటున్నది ఎవరో ఒకళ్ళ కాలం అన్నమాట. యూనివర్సిటీ కరెంటు బిల్లు, భవనం ఖర్చు లాంటివి ఇక్కడి ఛారిటీలు మామూలుగా ఇవ్వవు, అందులో కొంత ప్రభుత్వం విడిగా సర్దుతుంది. ఇది మాస్టారికి చెప్పదగ్గ మాట అని రాసిపెట్టుకున్నాను.

ఎలుకల ప్రాజెక్టుల దగ్గర నాకు ముందునుంచీ అనుమానమే. 1982లో కాలిఫోర్నియాలో, దొంగచాటుగా తయారైన మత్తుమందు ఎక్కించుకున్న కొందరు కుర్రాళ్ళు కొద్దిరోజుల్లోనే కొయ్యబారిపోయి ఆసుపత్రికి వచ్చారు. అందులో పొరపాటున తయారైన ఎంపీటీపీ అనే పదార్థం, మెదడులో కదలికల్ని నడిపే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాల్ని చంపేసిందని విలియం లాంగ్‌స్టన్ అనే డాక్టరు బృందం తేల్చింది. అప్పణ్ణుంచి అదే విషం చిట్టెలుకలకి ఎక్కించి, వాటిమీద మందులు పరీక్షిస్తున్నారు. ఆ విషం కొన్ని రోజుల్లో పని ముగిస్తుంది. నా జబ్బు చెయ్యి వణక్కముందే లోపల ఏళ్ళ తరబడి నడిచింది. వణుకు కనిపించేసరికి ఆ కణాల్లో చాలా భాగం పోయే ఉంటాయి. ఎలుకని కాపాడిన మందు మనిషి దగ్గర చతికిలపడటానికి ఇదొక కారణం. అందుకే ఎలుకల దరఖాస్తు వచ్చినప్పుడల్లా నేను ఒకే ప్రశ్న రాస్తాను: ఎలుకకి బాగైతే ఆ తరవాత మెట్టు ఏమిటి, దానికి డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారు? కొందరు చక్కగా జవాబిస్తారు. కొందరు 'మరిన్ని అధ్యయనాలు' అని రాస్తారు. వాళ్ళకి నా దగ్గర మార్కులు పడవు.

ఒక దరఖాస్తు గురించి వివరంగా చెప్పాలి. మనుషుల మీద మందు పరీక్షించే ట్రయల్ అది. పరీక్ష పెట్టాల్సింది 'ఆఫ్'లో, అంటే వేసుకునే మాత్రల ప్రభావం దిగిపోయాక. లేకపోతే కొత్త మందు పనిచేసిందో, మేం రోజూ వేసుకునే పాత మందు లెవోడోపా పనిచేసిందో తెలియదు. కాబట్టి ముందు రోజు సాయంత్రం నుంచి మాత్రలు ఆపి, పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆసుపత్రిలో ఉండాలని రాశారు. శాస్త్రం ప్రకారం అందులో తప్పేం లేదు. నిపుణులందరూ మెచ్చుకున్నారు.

నేను ఆ పేజీ మీద చాలాసేపు ఆగాను. రాత్రి మాత్ర లేకపోతే పొద్దున్న నేను మంచం మీద పక్కకి తిరగలేను. మా ఆయన భుజం కింద చెయ్యి వేసి లేపాలి. మేజోడు వేసుకోవాలంటే పాదం ఎత్తలేను, ఎత్తినా వేళ్ళు పట్టు దొరకవు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి, అడుగు వెయ్యమని మెదడు చెబుతూనే ఉంటుంది. ఆ స్థితిలో రెండు రైళ్ళు మారి ఎనిమిదిన్నరకి ఆసుపత్రికా? బడ్జెట్ చూస్తే ప్రయాణం కింద రాసింది బస్సు, రైలు టికెట్లకి తప్ప చాలదు. తోడు వచ్చేవాళ్ళకి పైసా లేదు. ఇలా పెడితే ఒంటరిగా ఉండేవాళ్ళు, దూరపువాళ్ళు, జబ్బు ముదిరినవాళ్ళు చేరనే చేరరు. చేరినవాళ్ళలోనూ మధ్యలో మానేసేవాళ్ళుంటారు. మానేసినవాళ్ళ లెక్కలు చేతికి రాక, చివరికి ఫలితం ఎటూ తేలదు. ఇదంతా రాసి, ముందురోజు రాత్రి ఆసుపత్రి దగ్గర బస, పొద్దున్న టాక్సీ, తోడు మనిషి ఖర్చు కలపమన్నాను. మొత్తం ప్రాజెక్టుతో పోలిస్తే అది చిల్లర. ఆ బృందం ఒప్పుకుని బడ్జెట్ మార్చి పంపింది. వాళ్ళ ప్రొఫెసర్ తరవాత నాతో అన్న మాట: ఇన్నేళ్ళలో పేషెంట్లని ఆఫ్‌లో చూశానుగానీ, ఆఫ్‌లో ఇంటినుంచి ఎలా వస్తారో ఆలోచించలేదు.

కమిటీ సమావేశం రోజంతా ఉంటుంది. ప్రొఫెసర్లు, న్యూరాలజిస్టులు, మాలాంటివాళ్ళం కొందరం. ఎవరి యూనివర్సిటీ దరఖాస్తు వస్తే వాళ్ళు లేచి బయటికి వెళ్ళి, అది తేలాక లోపలికి రావాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు, ఒక పెద్దాయన ఏదో ప్రొటీను మడతపడే తీరు గురించి చెబుతుండగా నా ఫోను అలారం మోగింది. మాత్రవేళ. సిగ్గుపడి ఆపేలోపు ఎదురుగా కూర్చున్నాయనదీ మోగింది, నిమిషం తరవాత ఇంకొకావిడది. ముగ్గురం మాత్రలు వేసుకునేదాకా ఆ పెద్దాయన ఆగారు. మధ్యాహ్నం భోజనం మటుకు ఛీజు శాండ్‌విచ్‌లు! ప్రొటీను ఎక్కువున్న తిండి లెవోడోపాని ఒంటికి పట్టనివ్వదని ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు, ఆర్డరు ఇచ్చినవాళ్ళకి తప్ప. ఆ తరవాత నుంచి నేను పెరుగన్నం కూడా మానేసి పులిహోర డబ్బా పట్టుకెళుతున్నాను.

మాస్టారి ప్రశ్నకి జవాబు నాకు ఆ గదిలో వాదనలు విన్నాకే దొరికింది. పరిశోధన డబ్బు వృథా అయ్యేది మందు పనిచేయనప్పుడు కాదు, పనిచేసిందో లేదో తేలనప్పుడు.

ఎక్సెనటైడ్ సంగతి చూడండి. అది షుగరు జబ్బు మందు. పార్కిన్సన్స్‌ని నెమ్మదింపజేస్తుందేమోనని లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 62 మంది మీద పరీక్షించి, 2017లో ఆశాజనకమైన ఫలితం ప్రకటించారు. మా వాట్సాప్ గ్రూపుల్లో పండగే. తరవాత 194 మందితో, 96 వారాలపాటు పెద్ద ట్రయల్ నడిపారు. 2025 ఫిబ్రవరిలో ఫలితం వచ్చింది: పోల్చి చూడటానికి ఇచ్చే ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళకీ వీళ్ళకీ తేడా లేదు. ఆ రోజు మా గ్రూపులో ఏడ్చినవాళ్ళున్నారు. నాకూ మనసు బాలేదు. కానీ అకౌంట్స్ మనిషిగా చెబుతున్నాను, ఆ డబ్బుకి సరుకు ముట్టింది. ఆ దారిన ఇంకెవరూ గుడ్డిగా నడవక్కర్లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ బ్రిస్టల్ ట్రయల్. జీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీనుని, తలకి ఆపరేషన్ చేసి అమర్చిన సన్నటి గొట్టాల ద్వారా నేరుగా మెదడులోకి పంపారు. చెవి వెనక మందెక్కించే పోర్టు బిగించుకుని నెలనెలా ఎక్కించుకున్న ధైర్యవంతులు నలభైమంది చిల్లర. 2019లో ఫలితాలొచ్చాయి. ప్రధానమైన కొలతలో ఉత్తుత్తి మందుతో చెప్పుకోదగ్గ తేడా లేదు. మాకు బాగైందని గట్టిగా చెప్పే పేషెంట్లు మాత్రం ఉన్నారు. మరి మోతాదు చాలలేదా, కాలం చాలలేదా, మందే పనికిరాదా? ఇప్పటికీ వాదనే. పైగా ఈ జబ్బులో ఉత్తుత్తి మందు ప్రభావం తక్కువేం కాదు. మందు పడిందన్న నమ్మకంతోనే మెదడు డోపమిన్ విడుదల చేస్తుందని 2001లోనే స్కానుల్లో చూశారు. 'మా బావగారు వాడారు, వారంలో లేచి తిరిగారు' అనే కబుర్లకి నేను విలువ ఇవ్వకపోవడానికి కారణం అదే.

అందుకే ఇప్పుడు కొద్దిమందితో లాగించేద్దామనే ట్రయల్ దరఖాస్తు వస్తే నేను మొహమాటం లేకుండా తక్కువ మార్కులు వేస్తాను. ముందుగా మోతాదు, భద్రత చూసే చిన్న ట్రయల్ వేరు, అది కావాల్సిందే. జవాబు తేలుస్తామని చెప్పి, తేల్చలేనంత చిన్నగా పెట్టేదాంతోనే నా పేచీ. మాలో కొందరికి ఇది నచ్చదు, ఏదో ఒకటి మొదలవనీ అంటారు. పేషెంట్లుగా వాళ్ళ తొందర నాకు అర్థమవుతుంది, నాకూ ఉంది.

ఇలాంటి ట్రయల్స్‌కి మందుల కంపెనీలే డబ్బు పెట్టొచ్చు కదా అని అడుగుతారు. పేటెంటు అయిపోయిన పాత మందు మీద కంపెనీకి మిగిలేదేముంది? ఆంబ్రాక్సాల్ ఉంది. మన దగ్గర దగ్గు సిరప్ సీసాల మీద ఆ పేరు కనిపిస్తూనే ఉంటుంది. దాని మూలం మన అడ్డసరం ఆకులోని వాసిసిన్. దాన్నిబట్టి బ్రోమ్‌హెక్సిన్ చేశారు, అందులోంచి ఇది వచ్చింది. జీబీఏ1 అనే జన్యువు సరిగ్గా పనిచేయనప్పుడు కణంలో చెత్త పేరుకుంటుందని, ఈ దగ్గుమందు ఆ ఊడ్చే పనికి సాయపడుతుందని ఆశ. 2020లో 17 మంది మీద చేసిన చిన్న ట్రయల్లో మందు మెదడు దాకా చేరుతోందని తేలింది. ఇప్పుడు 330 మందితో, రెండేళ్ళ ట్రయల్‌కి ఇక్కడి ఛారిటీలు డబ్బు పెట్టాయి. పరీక్షించే మోతాదు దగ్గుకి వాడేదానికి పది రెట్ల పైమాటే, కాబట్టి ఇది చదివి ఎవరూ సీసాలు తెచ్చుకుని తాగకండి. బీపీ మాత్ర టెల్మిసార్టన్‌దీ ఇదే కథ. దాన్నీ, ప్రోస్టేటుకి వాడే టెరాజోసిన్‌నీ కలిపి 1600 మందితో ఒకే ట్రయల్‌గా రూపొందించారు. రెండు మందులకీ కలిపి ఉత్తుత్తి మందు బృందం ఒకటే. పనిచేయనిదాన్ని మధ్యలో తీసేసి ఇంకోటి చేర్చే వీలుంది. బడ్జెట్ చూసే కంటికి ముచ్చటేసే ఏర్పాటు.

గుడి దగ్గర వినిపించే ప్రశ్న ఇంకోటుంది. "అక్కా, దూలగొండి గింజల్లో మందు ఉందటగా, ఈ కోట్లెందుకు?" ఉంది, నిజమే. దూలగొండి గింజల్లోంచి లెవోడోపాని వేరుచేసి 1937లో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు మద్రాసు యూనివర్సిటీలోనే చూపించారు. అప్పటికి అది మెదడుకి దేనికి పనికొస్తుందో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. స్వీడన్‌లో కార్ల్‌సన్ డోపమిన్ సంగతి పట్టుకున్నది 1957లో. అమెరికాలో కోట్జియాస్ లెవోడోపాని పెద్ద మోతాదులో ఇచ్చి పేషెంట్లని నడిపించింది 1960ల చివర్లో. నేను రోజూ మింగేది అదే మందు. లక్షణాలు తగ్గిస్తుంది తప్ప జబ్బుని ఆపదు. గింజలో అది ఎంతుందో గింజగింజకీ మారుతుంది కాబట్టి డాక్టరుకి చెప్పకుండా పొడి కలుపుకోవద్దనే నేనంటాను.

ఇండియా సంగతి కొంచెం. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడి కూతురు, 'అత్తా, ఇక్కడ కూడా పరిశోధనకి ఇలా నిధి పెడదాం' అంటోంది. సఫినమైడ్ అనే పార్కిన్సన్స్ మందు ఐరోపాలో అనుమతి పొందడానికి ఆధారమైన ట్రయల్స్‌లో ఒకటి ఇండియా, ఇటలీ, రుమేనియాల్లో 669 మందితో జరిగింది. దాని ఫలితాల వ్యాసంలో మొదటి పేరు అప్పటి హైదరాబాద్ నిమ్స్ న్యూరాలజిస్టు డాక్టర్ రూపమ్ బొర్గొహైన్‌ది. అంటే పేషెంట్లూ ఉన్నారు, చేయగల డాక్టర్లూ ఉన్నారు. డబ్బు దారే ఇరుకు. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి, ప్రభుత్వ పరిశోధన సంస్థలకీ ఇవ్వచ్చు. కానీ ఫొటోలో కనిపించే వీల్‌చెయిరుకి దొరికినంత సులువుగా ల్యాబులో టెక్నీషియను జీతానికి దొరకదని ఆ పిల్ల అనుభవం. నేను ఇక్కణ్ణుంచి పంపుదామన్నా, అక్కడి సంస్థకి విదేశీ విరాళాల అనుమతి ఉండాలి. వచ్చే డబ్బు ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తరవాత దాన్ని ఇంకో సంస్థకి మళ్ళించడానికీ లేదు. ప్రస్తుతానికి ఆమె జన్యు నమూనాలు ఇచ్చే తెలుగువాళ్ళని పోగేస్తోంది. నా లెక్కన అదీ పెట్టుబడే. తెల్లవాళ్ళ జన్యువుల్లో దొరికింది మనవాళ్ళకి అలాగే వర్తించాలని లేదు.

జబ్బు ఆగిపోవాలని అందరికీ ఉంటుంది, కానీ రోజు గడవడం వేరే లెక్క. 2014లో ఇక్కడ పేషెంట్లనీ, చూసుకునేవాళ్ళనీ, డాక్టర్లనీ కలిపి, దేనిమీద పరిశోధన కావాలో అడిగితే మొదటి స్థానంలో నిలిచింది తూలడం, పడిపోవడం. మతిమరుపుకి వాడే రివాస్టిగ్మిన్ నడకని నిలకడగా ఉంచుతుందేమోనని 130 మంది మీద చేసిన ట్రయల్ 2016లో మంచి ఫలితమే ఇచ్చింది. దానికి డబ్బు పెట్టింది పార్కిన్సన్స్ యూకే అనే ఛారిటీ. మా కమిటీలో ఇలాంటివి వస్తే సైంటిస్టుల కళ్ళల్లో అంత వెలుగు కనిపించదు. మేం మటుకు కుర్చీలో ముందుకి జరుగుతాం.

ఈ విడత దరఖాస్తులు మొన్ననే వచ్చాయి. అందులో ఒకటి మలబద్ధకం మీద. నవ్వకండి, వణుకు కంటే ముందే మొదలై, వణుకు కంటే ఎక్కువ ఏడిపించేది అదే. మంచి ప్రాజెక్టు, బడ్జెట్ కూడా పొదుపుగా ఉంది. కాకపోతే పాల్గొనేవాళ్ళు మలం నమూనాలు డబ్బాలో తీసి, కొరియర్ వచ్చేదాకా వారం పాటు ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టాలట. మా ఫ్రీజర్‌లో కొబ్బరి తురుము, తెనాలి నుంచి తెచ్చిన కారప్పొడి, మనవడి ఐస్‌క్రీములు ఉన్నాయి. విడిగా చిన్న ఫ్రీజర్ పెట్టె ఇస్తారా, లేక కొరియర్‌ని అదేరోజు పంపుతారా, ఆ ఖర్చు ఏ పద్దులో చూపించారు అని మొదటి ప్రశ్న రాశాను. మార్కులు ఇంకా వెయ్యలేదు.